మదర్‌బోర్డు స్క్రూలు ఎంతవరకు బిగించాలి?

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో పార్టులు కొనుక్కుని సిస్టమ్ ఇంట్లోనే బిగించుకుందామనుకునే కుర్రాళ్ళు ప్రాసెసర్ గురించి పది ప్రశ్నలడుగుతారు. స్క్రూల ఊసే ఎత్తరు. తర్వాత "అన్నా, ఆన్ అవ్వట్లేదు" అని బోర్డు సంచిలో పెట్టుకుని వస్తే, నేను ముందు బోర్డు స్క్రూ రంధ్రాల చుట్టూ చూస్తాను.

ఈ స్క్రూలకు పెద్ద పనేం లేదు. బోర్డు కదలకుండా ఉండాలి, రంధ్రం చుట్టూ ఉండే వెండిరంగు వలయం ఇత్తడి స్టాండాఫ్‌కి (బోర్డును కేబినెట్ రేకుకి తగలకుండా ఎత్తిపట్టే మర ఉన్న చిన్న దిమ్మ) తగిలి గ్రౌండ్ అందాలి. అంతే. దీనికి బలం ఎందుకు?

అసలు జాగ్రత్త స్టాండాఫ్‌ల దగ్గర పడాలి. 30.5 × 24.4 సెంటీమీటర్ల ఏటీఎక్స్ సైజు బోర్డుకు మామూలుగా తొమ్మిది రంధ్రాలుంటాయి, 17 సెంటీమీటర్ల చదరంగా ఉండే చిన్న సైజు మినీ ఐటీఎక్స్‌కి నాలుగే. రంధ్రం ఉన్నచోటే స్టాండాఫ్ ఉండాలి. పాత బోర్డుకు పెట్టిన స్టాండాఫ్ ఒకటి అలాగే మిగిలిపోయిందంటే కొత్త బోర్డు వెనక టంకాలకు తగిలి షార్ట్ అవుతుంది. ఉన్నవాటిని 5 ఎంఎం నట్ డ్రైవర్‌తో కేబినెట్‌కి గట్టిగా బిగించండి. మీ బలం చూపించాలనుంటే ఇక్కడ కాస్త చూపించండి.

ఇప్పుడు స్క్రూలు. కేబినెట్‌తో వచ్చే పొట్లంలో రెండు రకాలు కలిసిపోయి ఉంటాయి: మర దూరం దూరంగా ఉన్నది 6-32, దగ్గరదగ్గరగా ఉన్నది ఎం3. బోర్డుకు ఏది పడుతుందో కేబినెట్‌ని బట్టి ఉంటుంది. బోర్డు పెట్టకముందే ఖాళీ స్టాండాఫ్‌లో ఒక స్క్రూని వేళ్ళతో తిప్పి చూడండి. చివరిదాకా హాయిగా దిగితే అదే. రెండు చుట్లకే పట్టేస్తే అది కాదు, వదిలేయండి. స్క్రూడ్రైవర్ పెట్టి దాన్ని దించాలని చూస్తే స్టాండాఫ్ మర పోతుంది.

కేబినెట్‌ని పడుకోబెట్టి, పోర్టులు బయటికి వచ్చే వెనక ప్లేటు ముందే నొక్కి పెట్టి, బోర్డును పోర్టుల వైపు నుంచి వాల్చి దించండి. రంధ్రాల్లోంచి స్టాండాఫ్‌ల మర సరిగ్గా మధ్యలో కనబడాలి. కనబడకపోతే బోర్డును జరపాలి గానీ స్క్రూతో లాక్కోకూడదు.

మొదట మధ్య స్క్రూ, తర్వాత మూలలు, ఎదురెదురుగా. అన్నీ రెండేసి చుట్లు వదులుగా తిప్పి ఆపండి. స్క్రూని ముందు ఎడమకి మెల్లగా తిప్పితే ఒకచోట చిన్నగా 'టిక్' మని కిందికి జారుతుంది. అక్కణ్ణుంచి కుడికి తిప్పితే మర వంకర పోదు.

చివరి బిగింపుకి 2వ నంబర్ ఫిలిప్స్ స్క్రూడ్రైవర్‌ని పిడికిలితో పట్టుకోకుండా బొటనవేలు, రెండు వేళ్ళతో పట్టుకోండి. అప్పటిదాకా తేలిగ్గా తిరిగింది స్క్రూ తల వలయాన్ని తాకగానే ఒక్కసారిగా బరువెక్కుతుంది. అక్కడే ఆగాలి. మరీ అనుమానమైతే వెంట్రుకవాసి ఇంకా తిప్పండి. పచ్చడి జాడీ మూత బిగించినట్టు మణికట్టు తిప్పారో, బోర్డు వంగుతుంది, లోపలి రాగి గీతలు, టంకాలు చిట్లే ప్రమాదం ఉంది. పైగా బలం పెట్టినప్పుడే స్క్రూడ్రైవర్ జారి పక్కనున్న గీతను గీకేస్తుంది. డ్రిల్ మెషీన్ సంగతి నన్నడగనే అడగొద్దు.

విప్పేటప్పుడు స్క్రూతోపాటు స్టాండాఫ్ కూడా తిరుగుతోందా? దాన్ని వదిలేసి ముందు మిగతావన్నీ తీసేయండి. ఆ తర్వాత తిప్పుతూ పోతే స్టాండాఫ్ కేబినెట్‌ని వదిలి బోర్డుతోనే పైకి వస్తుంది. బయటికి తీశాక స్టాండాఫ్‌ని కింద నోస్ ప్లయర్‌తో పట్టుకుని, పైనుంచి స్క్రూ విప్పుకోండి.