స్కూల్ ఆటస్థలానికి ఎంపీ నిధులు: దరఖాస్తు ఎలా, ఫైలు ఎక్కడ ఆగుతుంది

మా మండలంలో ఒక హైస్కూల్ ఆటస్థలం ఫైలు మూడుసార్లు వెనక్కి వచ్చింది. ఎంపీ గారు సిఫార్సు చేశారు, ఇంజనీరు ఎస్టిమేట్ వేశారు. అయినా ఆ స్థలం ఎవరిదో చూపించే కాగితం లేక పని కదలలేదు. ఈలోగా ఒకాయన వచ్చి శాంక్షన్ చేయిస్తానంటూ తల్లిదండ్రులు చందాలేసుకున్న డబ్బు పట్టుకుపోయాడు. ఇంకో ఊరికి అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

ఎంపీ ల్యాడ్స్, అంటే ఎంపీ స్థానిక ప్రాంత అభివృద్ధి పథకం కింద ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు ఉంటాయి. లోక్‌సభ సభ్యులు తమ నియోజకవర్గంలో, రాజ్యసభ సభ్యులు తమ రాష్ట్రంలో ఎక్కడైనా పనులు సిఫార్సు చేయవచ్చు. బడుల కోసం ఉన్న సమగ్ర శిక్ష పథకం ఇచ్చే క్రీడా గ్రాంటు వేరు. ప్రైమరీకి 5 వేలు, అప్పర్ ప్రైమరీకి 10 వేలు, హైస్కూల్‌కి 25 వేలు వచ్చే ఆ డబ్బు బంతులకు, నెట్లకు సరిపోతుంది. నేల చదునుకీ ప్రహరీకీ చాలదు.

ముందుగా స్కూల్ యాజమాన్య కమిటీలో తీర్మానం చేయండి. దాన్ని జతచేసి హెడ్మాస్టర్ గారి లెటర్‌తో ఎంపీ ఆఫీసులో ఇవ్వండి. సిఫార్సు కలెక్టర్‌కు వెళ్తుంది. మంజూరు చేసేది ఎంపీ కాదు, జిల్లా యంత్రాంగం. ఫైలు ఎక్కడుందో జిల్లా ప్రణాళికాధికారి ఆఫీసులో అడగవచ్చు. ఇంతవరకు పెద్ద కష్టం ఉండదు.

కష్టమంతా స్థలం కాగితం దగ్గరే. ప్రైవేటు వ్యక్తి పేరున ఉన్న భూమిలో ఈ నిధులు ఖర్చు పెట్టరు. స్థలం ప్రభుత్వానిదైతే తహసీల్దార్ నుంచి సర్వే నంబరు, విస్తీర్ణంతో ధ్రువీకరణ తీసుకుంటే చాలు. కానీ మన ఊళ్లలో చాలా బడులు ఎవరో పెద్దాయన నోటిమాటగా ఇచ్చిన నేలలో ఉన్నాయి. ఆయన పేరు శిలాఫలకం మీద ఉంటుంది, భూమి మాత్రం అడంగల్, పహాణీ లాంటి రెవెన్యూ రికార్డుల్లో ఇప్పటికీ ఆ కుటుంబం పేరునే ఉంటుంది. స్కూల్ నలభై ఏళ్లుగా నడుస్తోంది కదా అంటే ఆఫీసులో ఒప్పుకోరు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం స్థిరాస్తి దానం చెల్లాలంటే రిజిస్టరైన దానపత్రం ఉండాలి, దాని మీద కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయిస్తే సరిపోదు. మా దగ్గర మొదటిసారి ఫైలు తిరిగొచ్చింది ఇందుకే. దాత చనిపోయి ఉంటే వారసులందరూ సంతకం పెట్టాలి. పెళ్లై వేరే ఊరు వెళ్లిన ఆడపిల్లలను వదిలేస్తే రేపు అదే తగాదా అవుతుంది. రెండోసారి ఆగింది అక్కడే.

పత్రం రాయించే ముందే మండల సర్వేయర్‌తో కొలతలు వేయించండి. మూడోసారి మా ఫైలులో పత్రంలోని హద్దులకూ నేల మీది హద్దులకూ పొంతన కుదరలేదు. మండల పరిషత్, జిల్లా పరిషత్, విద్యాశాఖ, వీటిలో ఏ పేరున రాయించాలో ఎంఈఓ (మండల విద్యాధికారి) గారిని ముందే అడగండి. రిజిస్ట్రేషన్ అయ్యాక రెవెన్యూ రికార్డులో పేరు మారిందో లేదో కూడా చూసుకోండి.

వారసుల దగ్గరకు వెళ్లడానికి జంకకండి. ఊరి పెద్దలు ఇద్దరిని తీసుకుని ఇంటికి వెళ్లి, తాతగారు ఇచ్చిన నేలకు కాగితం చేసుకుందామని అడిగితే చాలామంది కాదనరు. మా దగ్గర ఒకావిడ సంతకం కోసమే హైదరాబాద్ నుంచి బస్సెక్కి వచ్చింది.

సిఫార్సుకీ, మంజూరుకీ ఎక్కడా ఫీజు లేదు. డబ్బు స్కూల్ ఖాతాలోకి రాదు, పని చేసే శాఖ ద్వారానే ఖర్చవుతుంది. కాబట్టి పర్సంటేజీ అడిగేవాళ్లకు పైసా ఇవ్వకండి. దానపత్రం నకలు ఒకటి స్కూల్ బీరువాలో, ఒకటి పంచాయతీలో పెట్టించండి. హెడ్మాస్టర్ బదిలీ అయినప్పుడు ఈ కాగితాలే ముందు కనిపించకుండా పోతాయి.