లా కాలేజీలో స్పోర్ట్స్, సినిమా లా గ్రూపు నడపాలంటే: విజయనగరం అనుభవం

ఆటలకీ సినిమాలకీ సంబంధించిన చట్టాల గురించి మాట్లాడుకునే ఈ గ్రూపుని మేం మూడో సెమిస్టర్లో ఉండగా మొదలెట్టేం. మొదటి మీటింగ్‌కి 40 మంది వచ్చేరు, రెండోదానికి 9 మంది, మూడోదానికి నేనూ ఇంకో ఇద్దరూ, అందులో ఒకడు బస్సుకి ఇంకా టైముందని కూర్చున్నోడే. తప్పు మాదేలెండి. పోస్టర్ మీద ఒకపక్క క్రికెటర్ బొమ్మ, ఇంకోపక్క హీరో బొమ్మ వేసేం (అవీ గూగుల్లోంచి లేపినవే, కాపీరైట్ గురించి చెప్పే గ్రూపు చేసిన మొదటి పని అది), వచ్చినోళ్ళేమో స్టార్లు కనబడతారనుకున్నారు, మేమేమో సెక్షన్లు చదివి వినిపించేం. ఇప్పుడు మా జూనియర్లు అదే గ్రూపుని బానే నడుపుతున్నారు, శ్రీకాకుళం నుంచి కూడా ఒకరిద్దరు ఎలగ మొదలెట్టాలని అడిగేరు, అందుకని రాస్తున్నాను.

ముందు పర్మిషన్ సంగతి. ప్రిన్సిపాల్ గారి దగ్గరకెళ్తే మొదటి ప్రశ్న ఆటలకీ సినిమాలకీ ఏటి సంబంధం, రెండూ కలిపి గ్రూపేంటి అని. దీనికి రాజ్యాంగంలోనే జవాబుంది, ఏడో షెడ్యూల్ స్టేట్ లిస్ట్ (రాష్ట్రాలు చట్టాలు చేసే అంశాల జాబితా) తీసి 33వ ఎంట్రీ చూపించండి, నాటకాలు, సినిమాలు, క్రీడలు, వినోదాలు అన్నీ ఒకే ఎంట్రీలో ఉంటాయి (సినిమా సెన్సార్ మటుకు కేంద్రం జాబితా, అంటే యూనియన్ లిస్ట్ 60వ ఎంట్రీకి పోతాది). మేం అది చూపించేసరికి సార్ నవ్వి సంతకం పెట్టేసేరు. ఫ్యాకల్టీలో ఒకర్ని ఇన్‌చార్జిగా అడగండి, కాంట్రాక్ట్స్ చెప్పే మేడమో సారో అయితే బెస్ట్, ఎందుకంటే ఈ సబ్జెక్టులో ముప్పావు వంతు కాంట్రాక్టే. ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్, జాయింట్ సెక్రటరీ అని పోస్టులు పంచకండి, ఇద్దరు కన్వీనర్లు చాలు, మాకు ఆరుగురు ఆఫీస్ బేరర్లుండి పనిచేసే మనిషి ఒక్కడూ లేని నెల కూడా గడిచింది.

మీటింగ్‌లో లెక్చర్ వద్దు, క్లాసులో వింటున్నది సరిపోదా. ఒక కాగితం తెచ్చి మధ్యలో పెట్టండి, అంతే. మేం ఈ పద్ధతిని క్రికెటర్ జహీర్ ఖాన్ కేసుతో మొదలెట్టేం, సుప్రీం కోర్టు 2006 తీర్పు. ఆటగాళ్ళ ప్రకటనల వ్యవహారాలు చూసే పర్సెప్ట్ అనే కంపెనీతో మూడేళ్ళ ఒప్పందం, ఆ ఒప్పందం అయిపోయాక కూడా ఇంకెవరైనా ఆఫర్ ఇస్తే ముందు మాకే చూపించాలి అని అందులో ఒక క్లాజు, జహీర్ వేరే కంపెనీకి వెళ్ళిపోతే గొడవ. కాంట్రాక్ట్ గడువు దాటేక కూడా మనిషిని కట్టేసే షరతు కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ప్రకారం చెల్లదని కోర్టు చెప్పింది. ఈ కథ చెప్పి, మీరే ఆటగాడి లాయరైతే ఆ క్లాజు ఎలగ తిరగరాస్తారు అని తలా ఒక తెల్లకాగితం ఇచ్చేం. గంటన్నర కొట్టుకున్నారు. ఆ రోజు వచ్చిన 9 మందిలో ఏడుగురు చివరిదాకా ఉన్నారు.

అసలు విషయం ఇక్కడుంది. మనకి ముంబై లేదు, ఫిల్మ్ నగర్ లేదు, కానీ నెల్లిమర్ల పక్కన కొండవెలగాడ ఉంది, వెయిట్ లిఫ్టర్ల ఊరు. శ్రీకాకుళం వాళ్ళకైతే ఆమదాలవలస, కరణం మల్లీశ్వరి సిడ్నీలో 2000లో కాంస్యం తెచ్చింది అక్కడి ఊసవానిపేట నుంచే. కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషికి 2014 గ్లాస్గో కామన్వెల్త్ గేమ్స్ 53 కిలోల్లో ముందు వచ్చింది కాంస్యం, గోల్డ్ గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్ టెస్టులో దొరికిపోతే అది వెండి అయింది. ఆ నైజీరియా అమ్మాయికి అప్పటికి 16 ఏళ్ళు. దొరికిన మందులు అమిలోరైడ్, హైడ్రోక్లోరోథయజైడ్, అంటే ఒంట్లో నీరు లాగేసే మాత్రలు. ఆ రెండోది మన నాన్నలూ తాతలూ బీపీకి వేసుకునే మాత్రల్లో ఉండేదే! అది చెప్పగానే రూమంతా నిశ్శబ్దం అయిపోయింది, ఎందుకంటే బరువు తగ్గడానికి మెడికల్ షాపులో అడిగి ఏదో ఒకటి మింగే గుంటలు మా అందరికీ తెలుసు. డోపింగ్ రూల్స్‌లో నాకు తెలీదు అంటే సరిపోదు, ఒంట్లో దొరికితే బాధ్యత ఆటగాడిదే, కాబట్టి ఏ మాత్ర వేసినా ముందు అడగాలి, నిజంగా జబ్బుంటే మందు వాడుకోడానికి పర్మిషన్ తీసుకునే పద్ధతి ఉంది, మొదటి శాంపిల్ పాజిటివ్ వస్తే రెండో శాంపిల్ టెస్ట్ చెయ్యమని అడిగే హక్కుంది. మీ గ్రూపు ఒక్క ఏడాదిలో ఒక్క పనే చేస్తానంటే ఇది చెయ్యండి, ఈ నాలుగు ముక్కలూ తెలుగులో ఒక పేజీకి రాసి, 2022 నాటి యాంటీ డోపింగ్ చట్టంతో సరిచూసి, ఇన్‌చార్జి మేడమ్‌కి చూపించి, ట్రైనింగ్ సెంటర్ గోడకి అంటించండి.

వెళ్ళేటప్పుడు మటుకు మైకులూ బ్యానర్లూ పట్టుకుపోకండి. ముందు కోచ్ గారిని కలిసి, ప్రాక్టీస్ అయ్యేక అరగంట ఇవ్వండి సార్ అని అడగండి. పిల్లల్లో ఎక్కువమంది మైనర్లే, ఫొటోలు తీసి స్టేటస్‌లో పెట్టడం కుదరదు. ఇంకోటి, పనిచోట ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపుల గురించి వచ్చిన 2013 చట్టంలో క్రీడా సంస్థ, స్టేడియం, ట్రైనింగ్ జరిగే చోటు కూడా వర్క్‌ప్లేస్ కిందకే వస్తాయి, ఇది కోచ్‌లకే చాలామందికి తెలీదు. చెప్పేటప్పుడు నేరం మోపినట్టు కాకుండా, ఫిర్యాదుల కమిటీ ఎలగ వెయ్యాలో మేం కాగితం రాసి పెడతాం సార్ అన్నట్టు చెప్పండి.

సినిమా వైపు కూడా ఇలాగే. సెన్సార్, పైరసీ అంటే అందరూ ఎగబడతారు, 2023 సవరణలో యూఏ (పిల్లలు పెద్దల సలహాతో చూడాలనే) సర్టిఫికెట్‌ని 7, 13, 16 ఏళ్ళ కింద మూడు ముక్కలు చేసేరు కదా, దాని మీద ఒక డిబేట్ పెట్టి వదిలెయ్యండి. మన చుట్టూ ఉన్న సరుకు వేరు: తప్పెటగుళ్ళు, జముకుల కథ, పెళ్ళిళ్ళకి పాడే ఆర్కెస్ట్రాలు, మ్యూజిక్ కాలేజీ పిల్లలు. కాపీరైట్ చట్టంలో పెర్ఫార్మర్ ఎవరని చూస్తే నటుడు, గాయకుడు, డ్యాన్సర్‌తో పాటు గారడీవాడు, పాములవాడు కూడా ఉన్నారు, అంటే పాట తాతలనాటిదైనా, దాని మీద ఎవరికీ కాపీరైట్ లేకపోయినా, పాడిన మనిషికి ఆ పాడిన దాని మీద హక్కుంది, 50 ఏళ్ళు. మా ఫ్రెండ్ వాళ్ళ మావయ్య తప్పెటగుళ్ళ బృందంలో ఉన్నాడు, ఒక చానెల్ వాళ్ళు వీడియో తీసి ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, 2,000 ఇచ్చేరు, కాగితం ఇంగ్లీషులో ఉంది, ప్రపంచమంతటా శాశ్వతంగా అని. ఆ కాగితాన్నే పేర్లు కొట్టేసి మేం రెండు మీటింగులు నడిపేం. హక్కులు రాసిచ్చేటప్పుడు ఎన్నేళ్ళకో రాయకపోతే చట్టం 5 ఏళ్ళనే అనుకుంటాది, ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే అనుకుంటాది (సెక్షన్ 19), అంటే కాగితంలో ఏమీ రాయకపోయుంటేనే మావయ్యకి మేలు జరిగేది! వాళ్ళు రాసేరు కాబట్టే పోయింది. ఇలాంటి బృందాల కోసం ఒక పేజీ తెలుగు అగ్రిమెంట్ నమూనా తయారుచెయ్యడం మీ రెండో సెమిస్టర్ పని అనుకోండి.

మూట్‌కి (అంటే స్టూడెంట్లు లాయర్లలా వాదించే ఉత్తుత్తి కోర్టుకి) ప్రాబ్లమ్ ఎక్కడ దొరుకుతాదని వెతక్కండి, విజ్జీ స్టేడియం పేరే ఒక ప్రాబ్లమ్. 1936 ఇంగ్లండ్ టూర్‌లో కెప్టెన్ మన విజయనగరం రాచకుటుంబం విజ్జీ, ఫస్ట్ టెస్టు కూడా ఆడకుండానే జట్టులోని లాలా అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ లేదని ఓడెక్కించి ఇంటికి పంపించేసేరు, తరవాత విచారణకి వేసిన బ్యూమాంట్ కమిటీ అమర్‌నాథ్ తప్పు లేదంది. ఇప్పుడు ఇది జరిగుంటే నోటీసు ఇవ్వాలా, జవాబు వినాలా, అప్పీలు ఎక్కడికి? విజ్జీ తరఫున వాదించడానికి ఊరభిమానంతో నలుగురు లేచేరు, అందరూ ఓడిపోయేరు. దీని తరవాత రెజ్లర్ వినేశ్ ఫోగట్ 2024 పారిస్ ఒలింపిక్స్ కేసు పెట్టండి, 50 కిలోల కేటగిరీలో 100 గ్రాములు ఎక్కువని తీసేసేరు, స్పోర్ట్స్ ఆర్బిట్రేషన్ కోర్టు అప్పీలు కొట్టేసింది. రూలు రూలే అనేవాళ్ళకీ, అన్యాయం అనేవాళ్ళకీ చక్కగా సరిపోతాది. 2025లో నేషనల్ స్పోర్ట్స్ గవర్నెన్స్ చట్టంతో క్రీడల గొడవలకి ట్రిబ్యునల్ కూడా తెచ్చేరు కాబట్టి సీనియర్లకి అది ఇవ్వండి.

ఇక్కడ ఒక గీత ఉంది, దాటకండి. ఊళ్ళోకి వెళ్తే జనం కాగితాలు పట్టుకొస్తారు, లాయర్ బాబు వచ్చేడు అంటారు, వినడానికి బావుంటాది, కానీ బార్ కౌన్సిల్లో లాయర్‌గా ఎన్‌రోల్ కాకుండా ప్రాక్టీస్ చెయ్యకూడదు, అడ్వకేట్స్ చట్టం అదే చెప్తాది. చట్టం ఏముందో చెప్పండి, నీ కేసులో ఇలా చెయ్యి అని చెప్పకండి, నోటీసులు రాయకండి, జిల్లా కోర్టులో ఉన్న న్యాయ సేవాధికార సంస్థకి పంపించండి, ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. నేనే నీ మేనేజర్ని అవుతాను అని ఆటగాళ్ళ వెంట పడే మెంబర్ కూడా ఒకడు తగులుతాడు, మాకూ తగిలేడు, గ్రూపులోంచి మర్యాదగా పంపించేసేం.

డబ్బులకి ఏమీ పెద్ద లేదు, టీలు, జిరాక్సులు, బస్సు ఛార్జీలు, తలా 50 రూపాయలు సెమిస్టర్‌కి. గెస్టుగా పెద్దపేరు కోసం వెంపర్లాడకండి, మేం సినిమా ఆయన ఒకర్ని పిలిచి ఫ్లెక్సీ కూడా కట్టించేం, రాలేదు. అదే లోకల్ ఆర్కెస్ట్రా నడిపే ఆయన్ని పిలిస్తే, పెళ్ళిలో పాటకి లైసెన్స్ డబ్బులు కట్టాలా అని ఆయనే మమ్మల్ని ప్రశ్న వేసేడు. పెళ్ళి ఊరేగింపూ, పెళ్ళి వేడుకలూ కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు కింద ఉన్నాయని చూపించేం, అదే హోటల్లో న్యూ ఇయర్ పార్టీకి పాడితే అది వర్తించదు.

చివరగా, గ్రూపు మెయిల్, డ్రైవ్ ఒక్కడి ఫోన్ నంబర్ మీద పెట్టకండి. మా మొదటి కన్వీనర్ హైదరాబాద్ వెళ్ళి నంబర్ మార్చేసేడు, ఓటీపీ ఇప్పటికీ ఆ పాత నంబర్‌కే వెళ్తోంది, రెండేళ్ళ మూట్ ప్రాబ్లమ్‌లూ నోట్సులూ అందులోనే ఉండిపోయేయి.