టబ్, బేసిన్, కుళాయి పాతబడ్డాయి: కోటింగ్ వేయించాలా, మార్చేయాలా?

టబ్ పసుపెక్కింది, బేసిన్ మెరుపు పోయింది, కుళాయి మీద పొక్కులు లేచాయి అనగానే అన్నీ పీకేసి కొత్తవి పెట్టేద్దామా అనిపిస్తుంది. ఆగండి. పాడైంది పైపొరా, లోపలి సరుకా అనేది ముందు తేల్చుకోవాలి. పైపొర ఒక్కటే పోతే కోటింగ్ పనికొస్తుంది, లోపల పోయిందంటే పైన ఎంత మంచి కోటింగ్ కొట్టించినా డబ్బు దండగే.

టబ్ దేంతో చేశారో తెలీకపోతే ఒక చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే లోపల పోత ఇనుమో స్టీలో ఉండి పైన ఎనామెల్ (గాజులాంటి గట్టి పూత) ఉన్నట్టు, అతుక్కోకపోతే చాలావరకు యాక్రిలిక్ లేదా ఫైబర్‌గ్లాస్.

సమస్య: మరకలు, తెల్లటి పొర, మెరుపు లేకపోవడం

సగం సార్లు ఇది కోటింగ్ దాకా వెళ్ళాల్సిన విషయమే కాదు, ఉప్పునీళ్ళ వల్ల పేరుకున్న సున్నం అంతే. తెల్ల వెనిగర్‌లోనో సిట్రిక్ యాసిడ్ నీళ్ళలోనో తడిపిన గుడ్డ పదిహేను నిమిషాలు వేసి తుడిచి కడిగేయండి, ఎనామెల్ మీద గంటలు గంటలు వదిలేయొద్దు, పాలరాయి మీద అయితే అసలు వాడొద్దు. తుప్పు చారలకి ఆక్సాలిక్ యాసిడ్ ఉన్న క్లీనర్ పనిచేస్తుంది, గ్లౌజులు వేసుకోండి. ఈ యాసిడ్లలో దేన్నీ బ్లీచ్‌తో కలపకూడదు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. అంతా శుభ్రం చేశాక చేత్తో రుద్ది చూడండి, నున్నగా ఉంటే పని అయిపోయినట్టే. గరుగ్గా తగిలితే గరుకు పౌడర్లు, స్టీల్ పీచు పెట్టి తోమీ తోమీ పైపొర అరిగిపోయిందని అర్థం, కోటింగ్ వేయించాల్సింది అప్పుడే.

సమస్య: పెచ్చు ఊడి తుప్పు కనిపిస్తోంది

చిన్న పెచ్చయితే తుప్పంతా గీకేసి, బాగా ఆరనిచ్చి, ఎపాక్సీ రిపేర్ కిట్‌తో పల్చటి పొరలుగా నింపుకోవచ్చు. డ్రెయిన్ చుట్టూ తుప్పు ఉంటే మాత్రం స్క్రూడ్రైవర్ కొనతో నొక్కి చూడండి, రేకులు రేకులుగా రాలినా లోపలికి దిగినా అది మార్చాల్సిందే.

సమస్య: టబ్‌లో నిలబడితే అడుగు ఊగుతోంది, సన్నటి పగుళ్ళు

ఫైబర్‌గ్లాస్, యాక్రిలిక్ టబ్‌లలో ఇది ఎక్కువ. కింద సపోర్ట్ లేక అడుగు వంగుతూ ఉంటుంది. దీనికి కోటింగ్ వేస్తే మళ్ళీ అదే గీత మీద పగులుతుంది. కింద సపోర్ట్ పెట్టే వీలుంటే అది పెట్టి పగులు రిపేర్ చేయించాలి, లేదంటే మార్చేయాలి.

సమస్య: ఇదివరకు వేసిన కోటింగ్ పొరలు పొరలుగా లేస్తోంది

దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే, ముందు చేయాల్సిన పని సరిగ్గా చేయలేదు. సబ్బు జిడ్డు, పాత సిలికాన్ అలాగే ఉండిపోయినా, ఎనామెల్‌ని యాసిడ్‌తోనో తగిన ప్రైమర్‌తోనో సిద్ధం చేయకుండా స్ప్రే కొట్టినా అది పట్టుకోదు. ఇంకోటి, కింద రబ్బరు సక్షన్ కప్పులు ఉండే మ్యాట్లు, అవి కోటింగ్‌ని లాగేస్తాయి. లేచిన పొర మీదే ఇంకో పొర వేస్తామంటే ఒప్పుకోకండి, పాతదంతా తీసేయాలి.

తీయడం దగ్గరే ప్రమాదం. పాత పొరని మెత్తబరిచి ఊడదీసే మందుని స్ట్రిప్పర్ అంటారు. మిథిలీన్ క్లోరైడ్ అనే రసాయనం ఉన్న స్ట్రిప్పర్ ఆవిరి గాలికన్నా బరువు, టబ్ అడుగునే నిలిచిపోతుంది, మనిషి అందులోకి వంగి పనిచేస్తాడు. అమెరికాలో 2000-2011 మధ్య ఇలా టబ్‌లు రీఫినిష్ చేస్తూ కనీసం 13 మంది చనిపోయారు. స్ప్రే చేసే కోటింగ్‌లలో కూడా ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉండొచ్చు, ఊపిరితిత్తులకి మంచివి కావు. కాబట్టి ఇది సొంతంగా చేసుకునే పని కాదనే నేనంటాను. పని చేసేవాళ్ళని ఏ స్ట్రిప్పర్ వాడతారు, గాలి బయటికి ఎలా పంపిస్తారు, ఎంతసేపు ఆరాలి అని అడగండి, పిల్లల్ని ఆ పూట ఇంట్లో ఉంచొద్దు.

కమోడ్ సంగతి వేరు. నీళ్ళు ఆగకుండా కారుతుంటే ట్యాంక్‌లో కొంచెం ఫుడ్ కలర్ వేసి, ఫ్లష్ చేయకుండా ఇరవై నిమిషాలు వదిలేయండి, బౌల్‌లోకి రంగు దిగితే ట్యాంక్ అడుగున ఉండే రబ్బరు సీల్ పోయింది, అదొక్కటి మారిస్తే చాలు. ఊగుతుంటే బోల్టులు, కింది సీల్ చూడాలి. పింగాణీలోనే పగులు ఉంటే మాత్రం మార్చేయండి, ఎప్పుడు విడిపోతుందో చెప్పలేం. ఒక్కో ఫ్లష్‌కి 13 లీటర్లు పోసే పాతదైతే బాగా పనిచేస్తున్నా మార్చడంలో అర్థం ఉంది, కొత్తవి 6 లీటర్లు లేదా అంతకన్నా తక్కువే వాడతాయి.

కుళాయి చుక్క చుక్క కారుతుంటే పోయింది వాషరో కార్ట్రిడ్జో (నీళ్ళని ఆపే లోపలి భాగం), ధార సన్నబడితే ముక్కు దగ్గర జాలీలో సున్నం పేరుకున్నట్టు. క్రోమ్ పొక్కులొచ్చి ఊడుతుంటే రీప్లేటింగ్ (మళ్ళీ క్రోమ్ పూత వేయించడం) జోలికి పోకండి, మంచి బరువైన ఇత్తడిదైతే తప్ప గిట్టుబాటు కాదు.

చివరికి మార్చాలనే అనుకుంటే కొనేముందు టేప్ తీయండి. కమోడ్‌కి పూర్తయిన గోడ నుంచి డ్రెయిన్ మధ్య దాకా, కుళాయికి రంధ్రాల మధ్య, టబ్‌కి పొడవు వెడల్పులతో పాటు డ్రెయిన్ ఏ వైపుందో రాసుకోండి. గోడకి బిగించిన టబ్ తీస్తే పక్క టైల్స్, వాటర్‌ప్రూఫింగ్ కూడా కదులుతాయి, ఆ ఖర్చు కలిపాకే కోటింగ్ ఖర్చుతో పోల్చుకోండి.