లజాన్యా ముక్క ప్లేటులో కూలిపోకుండా

లజాన్యా అంటే పాస్తా షీట్లు, సాస్, మాంసం పొరలుగా పేర్చి అవెన్‌లో చేసే ఇటాలియన్ వంటకం. అవెన్‌లోంచి తీసిన వెంటనే కోస్తే పొరలు జారిపోయి ముక్క కాస్తా ముద్దవుతుంది. బయటపెట్టి 20 నిమిషాలు కదపకుండా వదిలేయండి. వైట్ సాస్ బిగుసుకుని అంచులు నిలబడతాయి, లోపలి వేడి ఎక్కడికీ పోదు.

వైట్ సాస్‌కి లీటరు పాలకు వెన్న 80 గ్రాములు, మైదా 80 గ్రాములు, చిటికెడు జాజికాయ పొడి. సాస్‌లో ముంచిన గరిటె వెనక వేలితో గీస్తే ఆ గీత చెదరకూడదు. ఇటలీలోని బొలోన్యా పద్ధతిలో చేసే రాగూ (మాంసం సాస్) కూడా నీరంతా ఇంకి నూనె తేలేదాకా సన్నసెగ మీదే ఉండాలి. పొరకో పలచటి పూత చాలు. పైన పార్మెజాన్ చీజ్ తురుము చల్లి 180 డిగ్రీల్లో 35 నిమిషాలు.

ఉడకబెట్టక్కర్లేని ఎండు పాస్తా షీట్లయితే మాత్రం ఇంత చిక్కదనం పనికిరాదు. అవి సాస్‌లోని తడితోనే ఉడకాలి. ఇంకో 200 మి.లీ. పాలు కలిపి, మూలలు కూడా మునిగేలా పోయండి. లేదంటే అంచులు అప్పడంలా గట్టిపడతాయి.