స్టిక్ చేతికి రాకముందే: గిటారు మీద రెండు చేతుల ట్యాపింగ్, దానికి తగిన తాళవాద్యాలు

అమెరికన్ సంగీతకారుడు ఎమెట్ చాప్‌మన్ 1969లో లాస్ ఏంజెలెస్‌లో తన గిటారు మెడ మీద రెండు చేతుల వేళ్లనూ మెట్లకు సమాంతరంగా నిలిపి, తీగలను మీటకుండా కేవలం తట్టి వాయించే పద్ధతిని కనుగొన్నాడు. ఆ పద్ధతికి సరిపడేలా రూపొందించిన, బేస్ (మంద్ర) తీగలూ రాగపు తీగలూ ఒకే మెడ మీద ఉండే చాప్‌మన్ స్టిక్ అనే వాద్యాన్ని 1974 నుంచి అమ్మసాగాడు. ఇంగ్లండు రాక్ బృందం కింగ్ క్రిమ్సన్ 1981లో విడుదల చేసిన ‘డిసిప్లిన్’ ఆల్బమ్‌లో టోనీ లెవిన్ దానిని వాయించిన తీరు విన్నవారికి, బేస్ ఎక్కడ ఆగి రాగం ఎక్కడ మొదలవుతోందో వెంటనే అంతుపట్టదు. అదే బృందంలో తరువాత ట్రే గన్ వాయించిన వార్ గిటారుది కూడా ఈ కుటుంబమే.

నెల్లూరులోనో ఒంగోలులోనో ఉండి ఇటువంటి వాద్యం కావాలనుకునే యువకులు సాధారణంగా దిగుమతి ఖర్చు చూసి ఆగిపోతారు. ఆగవలసిన పని లేదు. చాప్‌మన్ ఈ పద్ధతిని కనుగొన్నది గిటారు మీదనే కాబట్టి, ఇంట్లో ఉన్న ఎలక్ట్రిక్ గిటారుతోనే నేర్చుకోవడం మొదలుపెట్టవచ్చు. ఒక గిటారు, తాళం వేయగల ఒక తోడు ఉంటే చాలునన్న భావనతో ఈ పద్ధతిని వివరిస్తున్నాను.

ముందుగా గిటారును సిద్ధం చేయాలి. 9 గేజ్ (సన్నని) తీగలు ఎక్కించి, 12వ మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య ఎడం 1.5 మిల్లీమీటర్లకు మించకుండా దించాలి. ఎత్తుగా ఉన్న తీగను తట్టితే వేలు అలిసిపోతుంది, శ్రుతి కూడా పైకి జారుతుంది. తట్టిన తీగలో వేలికి ఇవతలి భాగమే కాక, అవతల తల వైపున్న భాగం కూడా కంపిస్తుంది. ఆ అనవసరపు మోతను అణచడానికి మొదటి మెట్టు మీద మెత్తని బట్టను గాని, జడకు పెట్టుకునే బట్ట రబ్బరు బ్యాండును గాని చుట్టాలి. స్టిక్‌లో కూడా ఇదే పని చేసే మెత్తని అడ్డు ఉంటుంది. ఇక శ్రుతి విషయానికి వస్తే, రెండవ తీగను బి నుంచి సి కి, మొదటి తీగను ఇ నుంచి ఎఫ్ కి అర స్వరం చొప్పున పెంచాలి. అప్పుడు ఆరవ తీగ నుంచి ఇ, ఎ, డి, జి, సి, ఎఫ్ అని అన్ని తీగల మధ్యా ఒకే అంతరం ఏర్పడి, ఒకచోట నేర్చుకున్న వేళ్ల అమరిక మిగతా తీగల మీద కూడా పనిచేస్తుంది. స్టిక్‌లో రాగపు తీగలను కూడా ఈ అంతరంతోనే కడతారు. బేస్ తీగలు మాత్రం పంచమ అంతరంతో ఉంటాయి.

గిటారు మెడను దాదాపు నిలువుగా ఎత్తి కట్టుకోవాలి. ఎడమ చేయి ఎప్పటిలాగే మెడ కింది అంచు వైపు నుంచి, కుడి చేయి పై అంచు మీదుగా రావాలి. రాక్ గిటారిస్టులు చాలామంది కుడి చేతి వేలు ఒకటి రెండింటిని మాత్రమే తెచ్చి ఎడమ చేతి వరుసకే సాయం పడతారు. ఇక్కడ అలా కాదు, రెండు చేతులూ రెండు వేర్వేరు వాద్యాలు. వేలి కొనతో మెట్టుకు ఆనుకుని, దాని వెనుకనే తట్టి, స్వరం ఎంతసేపు కావాలో అంతసేపు నొక్కి ఉంచి, తీగను పక్కకు లాగకుండా నేరుగా ఎత్తాలి. గోళ్లు పొట్టిగా ఉండాలి. తట్టిన నాదం మీటిన నాదం కంటే బలహీనం కాబట్టి, యాంప్లిఫయర్‌కు ముందు శబ్దపు హెచ్చుతగ్గులను సమం చేసే కంప్రెసర్ పెడితే స్వరాలన్నీ సమానంగా వినిపిస్తాయి. నాదాన్ని గరుకుగా మార్చే డిస్టార్షన్ జోలికి మొదట్లో పోకపోవడమే మేలు, ఎందుకంటే అది తప్పులను కప్పేస్తుంది.

మొదటి పాఠంగా ఎడమ చేతితో నాలుగు దెబ్బల ఆవర్తం పట్టాలి: ఆరవ తీగ 5వ మెట్టు, ఐదవ తీగ 7వ మెట్టు, నాలుగవ తీగ 7వ మెట్టు, మళ్లీ ఐదవ తీగ 7వ మెట్టు. ఎ ని షడ్జమంగా తీసుకుంటే ఇది స ప స ప అవుతుంది. నోటితో ‘తకధిమి’ అంటూ, ఆ చేయి ఆలోచన లేకుండా తిరిగేదాకా ఇదొక్కటే చేయాలి. తరువాత కుడి చేతికి ఏడు దెబ్బలు: రెండవ తీగ 12, 14, 12 మెట్లు, మొదటి తీగ 11, రెండవ తీగ 14, 12, చివరగా మూడవ తీగ 14. ఇవి గ మ గ, ప మ గ స. శుద్ధ ధన్యాసి తెలిసినవారికి స్వరస్థానాలు చెవికి వెంటనే అందుతాయి. దీనిని ‘తకిట తకధిమి’ అని చెబుతూ విడిగా సాధించాలి.

రెండు చేతులనూ కలిపే దగ్గరే అసలు కష్టం ఉంది. దెబ్బల వేగం రెండు చేతులకూ ఒకటే. ఆవర్తాల పొడవు మాత్రమే వేరు. కాబట్టి ఎడమ చేతి ఏడు ఆవర్తాలు, కుడి చేతి నాలుగు ఆవర్తాలు పూర్తయిన చోట, అంటే 28 అక్షరాల (దెబ్బల) తరువాత, రెండూ మళ్లీ ఒకే సమం మీద, అంటే ఆవర్తపు మొదటి దెబ్బ మీద, కలుస్తాయి. మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 వద్ద ఉంచి, క్లిక్కుకు ఒక్క దెబ్బ చొప్పున వాయిస్తూ, నోటితో ఏడునే చెప్పాలి, నాలుగును ఎడమ చేతికే వదిలేయాలి. మిశ్రచాపు (ఏడు), ఖండచాపు (ఐదు) తాళాలు నేర్చిన పిల్లలకు ఇది బ్యాండ్ పుస్తకాలలో తాళాన్ని సూచించే అంకెల కంటే తొందరగా పట్టుబడుతుందని నా నమ్మకం. మన సంగీత పాఠశాలల నుంచి బయటకు వచ్చినవారు ఈ రంగంలోకి రావాలని మనసారా కోరుకుంటాను.

తాళవాద్యం ఎంపికలో ఒక సూత్రం గుర్తుంచుకోవాలి. తట్టిన తీగ తానే ఒక చిన్న డ్రమ్ములా మొదలవుతుంది; ఆ మొదటి చప్పుడు మీద సింబల్ అనే లోహపు పళ్లెం మోత పరుచుకుంటే స్వరాలు కలగాపులగమవుతాయి. ‘డిసిప్లిన్’లో డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్ సింబల్స్ వాడకం బాగా తగ్గించి, ఎలక్ట్రానిక్ డ్రమ్ములకూ కొయ్యతో చేసిన స్లిట్ డ్రమ్ముకూ చోటివ్వడం ఎంత ఫలించిందో వింటే తెలుస్తుంది. అంతకు ముందు 1973లో అదే బృందంలో జేమీ మ్యూర్ గొలుసులు, ఇనుప రేకులు కూడా వాద్యాలుగా వాడాడు. మన దగ్గర కంజీర, ఘటం, డప్పు ఈ పనికి చక్కగా సరిపోతాయి. మొదట తాళగాడు నాలుగునూ ఏడునూ రెండింటినీ వెంబడించకూడదు. సమానమైన నడకను నిలిపి, 28వ అక్షరం తరువాత వచ్చే సమాన్ని మాత్రం గట్టిగా చూపాలి. అది కుదిరాక అతడు ఐదు అక్షరాల ఆవర్తం ఎత్తుకుంటే, మూడూ కలిసే చోటు 140 అక్షరాలకు జరుగుతుంది. డప్పు కోసం రికార్డు చేసిన శబ్దాలు వెతకడం కంటే, ఊళ్లోని డప్పు కళాకారుణ్ణి పిలిచి సాధనకు కూడా తగిన పైకం ఇచ్చి వాయించమనడం ఎంతో మంచిది.

ప్రకాశం జిల్లావారికి ఇంకొక అవకాశం ఉంది: చీమకుర్తి గ్రానైట్ ముక్కలతో రాతి వాద్యం చేసుకోవచ్చు. పాలిషింగ్ యూనిట్లలో మిగిలే 20 మిల్లీమీటర్ల మందం ముక్కల నుంచి, పగుళ్లు లేనివి చూసి, ఆరేడు సెంటీమీటర్ల వెడల్పున, 50 సెంటీమీటర్ల పొడవున బద్దలు కోయించాలి. కోత నీళ్లు పోస్తూనే జరగాలి, దగ్గర ఉన్నవారు మాస్కు పెట్టుకోవాలి; ఆ రాతి పొడి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. బద్దను రెండు కొసల నుంచి 11.2 సెంటీమీటర్ల దూరంలో, అంటే పొడవులో 22.4 శాతం దగ్గర, మెత్తని తాడు మీద గాని రబ్బరు మీద గాని నిలపాలి. కంపనం దాదాపు లేని చోట్లు అవే. బద్ద మీద సన్నని ఇసుక చల్లి మధ్యలో నెమ్మదిగా తడుతుంటే రేణువులు ఆ రెండు గీతల దగ్గరకే చేరతాయి. మందం మారకుండా పొడవును 50 నుంచి 35 సెంటీమీటర్లకు తగ్గిస్తే కంపనాల వేగం ఇంచుమించు రెట్టింపై, స్వరం ఒక స్థాయి పైకి వెళ్తుంది. కొసలు అరగదీస్తే శ్రుతి పెరుగుతుంది, అడుగున మధ్య భాగం అరగదీస్తే తగ్గుతుంది. మార్కాపురం పలకరాయితో కూడా ప్రయత్నించవచ్చు గాని, అది పొరలుగా విడిపోయే రాయి కాబట్టి గ్రానైటే నయం. గిటారు కుడి చేతి స్వరాలైన స గ మ ప లకు నాలుగు బద్దలు చేసుకుంటే, తాళగాడు ఏడు అక్షరాల వరుసను రాతి మీద అందుకుని గిటారు కుడి చేతికి విరామం ఇవ్వగలడు.

కోస్తా గాలిలో తీగలకు ఉప్పు తుప్పు తొందరగా పడుతుంది కాబట్టి ప్రతి సాధన తరువాత పొడి బట్టతో తుడవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నెల్లూరు వైపు కురిసే వానలలో డప్పు తోలు వదులవుతుంది. వాయించే ముందు మంట సెగకు కొద్ది దూరంలో పట్టుకుని బిగువు తెప్పించాలి. గిటారు శ్రుతిని మాత్రం ఆ సెగకు దూరంగా, డప్పు సిద్ధమైన తరువాతే సరిచూసుకోవాలి.