లండన్ మ్యాచ్‌తో మీ టీమ్‌కి నష్టమా? వాదనకు దిగే ముందు వేయాల్సిన లెక్క

మే నెలలో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ షెడ్యూల్ బయటికి రాగానే, కొన్ని మ్యాచ్‌లు విదేశాల్లో ఆడించడం మీద అభిమానుల మధ్య ఏటా ఒకటే గొడవ. మన ఆట మన దేశంలోనే ఆడాలి అని ఒక పక్షం, ఆట పెరగాలంటే బయటికి వెళ్లక తప్పదు అని ఇంకో పక్షం. రెండూ నినాదాలే కాబట్టి ఎంతసేపు అరిచినా తేలదు. తేల్చగలిగిన ప్రశ్న ఒకటుంది: ఈ మ్యాచ్ వల్ల ఏ టీమ్ ఏం వదులుకుంది, ఏ టీమ్‌కి ఏం కలిసొచ్చింది? దీనికి ఒక కాగితం, ఆ ఏడాది షెడ్యూల్ చాలు.

మూడు గడులు గీయండి

హోమ్ (సొంత మైదానం), అవే (ప్రత్యర్థి మైదానం), తటస్థం అని మూడు గడులు గీయండి. అధికారిక షెడ్యూల్‌లో మూడో గడి ఉండదు. డబ్లిన్‌లో జరిగినా బెర్లిన్‌లో జరిగినా ఒక టీమ్‌ని హోమ్ అనీ, ఇంకోదాన్ని అవే అనీ రాసేస్తారు. సగం గొడవ అక్కడే పుడుతుంది.

2021లో సీజన్ 16 మ్యాచ్‌ల నుంచి 17కి పెరిగింది. పదిహేడుని సమానంగా పంచలేం కదా. లీగ్‌లోని 32 టీమ్‌లు ఏఎఫ్‌సీ, ఎన్‌ఎఫ్‌సీ అని రెండు సగాలు, వీటినే కాన్ఫరెన్స్‌లు అంటారు. అందుకే బేసి సంవత్సరాల్లో ఏఎఫ్‌సీ టీమ్‌లకు 9 హోమ్ మ్యాచ్‌లు, ఎన్‌ఎఫ్‌సీ టీమ్‌లకు 8. సరి సంవత్సరాల్లో తారుమారు. విదేశాలకు పంపే హోమ్ మ్యాచ్‌ని మామూలుగా ఆ ఏడాది తొమ్మిది దక్కిన టీమ్‌ల దగ్గరే తీసుకుంటారు. 2025లో విదేశాల్లో జరిగిన ఏడు మ్యాచ్‌లకు హోమ్ టీమ్‌లు ఛార్జర్స్, స్టీలర్స్, బ్రౌన్స్, జెట్స్, జాగ్వార్స్, కోల్ట్స్, డాల్ఫిన్స్. ఏడూ ఏఎఫ్‌సీవే.

ఇప్పుడు గడులు నింపి చూడండి. బ్రౌన్స్‌కి కాగితం మీద 9 హోమ్, 8 అవే. ఒక హోమ్ మ్యాచ్ లండన్‌లోని టాటన్‌హామ్ స్టేడియంకి పోయింది కాబట్టి అసలు లెక్క 8–8–1 (హోమ్–అవే–తటస్థం). అంటే 16 మ్యాచ్‌ల రోజుల్లో ఉన్నన్ని హోమ్ మ్యాచ్‌లే ఉన్నాయి, పోయింది అదనంగా వచ్చిన తొమ్మిదోది. ఎదురుగా ఆడిన వైకింగ్స్‌కి కాగితం మీద 8 హోమ్, 9 అవే. ఆ తొమ్మిదిలో ఒకటి డబ్లిన్‌లో, ఆ తర్వాతి ఆదివారమే ఇంకోటి లండన్‌లో. కాబట్టి అసలు లెక్క 8–7–2. ప్రత్యర్థి అభిమానుల అరుపుల మధ్య ఆడాల్సిన మ్యాచ్‌లు తొమ్మిది నుంచి ఏడుకి తగ్గాయి. వరుసగా రెండు వారాలు రెండు వేరే దేశాల్లో ఆడిన తొలి టీమ్ వాళ్లే, అలుపు నిజమే. కానీ అది వేరే పద్దు. దాన్ని మైదానం లెక్కలో కలిపి అన్యాయం అనేస్తే వాదన నిలవదు.

అన్యాయం ఎక్కడుందో పట్టుకోవాలంటే రెండు టీమ్‌లూ ఒకే కాన్ఫరెన్స్‌వి, అందులోనూ ఒకే డివిజన్‌వి (కాన్ఫరెన్స్‌లోని నాలుగేసి టీమ్‌ల గుంపు) అయిన మ్యాచ్ వెతకండి. 2025 సెప్టెంబర్ 5న సావో పాలోలో ఛార్జర్స్, చీఫ్స్ ఆడారు. రెండూ ఏఎఫ్‌సీ వెస్టే, ఇద్దరికీ ఆ ఏడాది 9 హోమ్ మ్యాచ్‌లే. ఛార్జర్స్ ఒకటి వదులుకుని 8–8–1 అయ్యారు. చీఫ్స్ తొమ్మిదీ దగ్గర పెట్టుకుని, ఒక అవే మ్యాచ్ బదులు తటస్థ మ్యాచ్ ఆడి 9–7–1 అయ్యారు. పైగా డివిజన్ ప్రత్యర్థులు ఏటా ఒకరింట్లో ఒకసారి, ఇంకొకరింట్లో ఒకసారి ఆడాలి. ఇక్కడ చీఫ్స్ సొంత మైదానం మ్యాచ్ అలాగే ఉంది, ఛార్జర్స్‌ది మాత్రం బ్రెజిల్ వెళ్లింది. చివరికి ఛార్జర్స్ రెండూ గెలిచారు, అది వేరే సంగతి. ఫలితం బాగుందని పంపకం న్యాయమైపోదు.

జాగ్వార్స్‌ని ఈ లెక్కల్లో ఉదాహరణగా తీసుకోకండి. 2013 నుంచి లండన్‌లో ఆడటం వాళ్ల సొంత నిర్ణయం. 2024లో ఏఎఫ్‌సీకి 8 హోమ్ మ్యాచ్‌లే ఉన్నా అందులో ఒకటి లండన్‌లోని వెంబ్లీ స్టేడియంకి తీసుకెళ్లి, సొంతూరు జాక్సన్‌విల్‌లో ఏడే ఆడారు. అంతకు ముందు వారం బేర్స్‌తో టాటన్‌హామ్‌లో ఆడింది అవే లెక్క. మొత్తం 7–8–2. ఆ నగరం అభిమాని కడుపుమంటకి కారణం ఉంది. కానీ అడగాల్సింది లీగ్‌ని కాదు, ఓనర్‌ని.

సీజన్ టికెట్ ఉన్నవాళ్లు చూడాల్సింది

ప్రీసీజన్‌ని (సీజన్‌కి ముందు ఆడే సన్నాహక మ్యాచ్‌లు) కూడా లెక్కలోకి తీసుకోండి. 9 హోమ్ మ్యాచ్‌లు ఉన్న ఏడాది ప్రీసీజన్ హోమ్ మ్యాచ్ ఒకటి, 8 ఉన్న ఏడాది రెండు. ఎలా చూసినా మామూలు ప్యాకేజీ పది మ్యాచ్‌లు. తొమ్మిదోది విదేశం వెళ్తే చేతికొచ్చేవి తొమ్మిది: ఎనిమిది అసలువి, ఒకటి ప్రీసీజన్. రెన్యువల్ బిల్లు వచ్చినప్పుడు మొత్తాన్ని తొమ్మిదితో భాగించి, నిరుటి మొత్తాన్ని పదితో భాగించి పక్కపక్కన పెట్టండి. మొత్తం తగ్గింది కదా అని సరిపెట్టుకుంటే, ఒక్కో మ్యాచ్‌కి రేటు ఎంత పెరిగిందో కనబడదు. పోయిన మ్యాచ్ ఎవరితోనో కూడా చూడండి. డివిజన్ ప్రత్యర్థితో ఆట పోవడం, నాలుగేళ్లకోసారి వచ్చే అవతలి కాన్ఫరెన్స్ టీమ్‌తో ఆట పోవడం ఒకటి కాదు.

గడియారం, బై వీక్

ప్రయాణం అలుపు గురించి మాట్లాడే ముందు మూడు సంగతులు రాసుకోండి: టీమ్ ఏ టైమ్ జోన్ నుంచి బయల్దేరింది, ఏ రోజు దిగింది, తర్వాతి వారం బై (మ్యాచ్ లేని విశ్రాంతి వారం) ఉందా.

యూరప్ మ్యాచ్‌లు ఎక్కువగా అమెరికా తూర్పు తీరం టైమ్‌లో ఉదయం 9:30కి మొదలవుతాయి. లండన్‌లో అప్పుడు మధ్యాహ్నం 2:30. ఇక్కడ చాలామంది తప్పులో కాలేస్తారు. యూరప్‌లో గడియారాలు అక్టోబర్ చివరి ఆదివారం వెనక్కి జరుగుతాయి, అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం. ఆ మధ్య వారంలో తేడా ఐదు గంటలు కాదు, నాలుగే. టికెట్ కొనుక్కుని విమానం ఎక్కేవాళ్లు ఆ ఒక్క వారం విషయంలో జాగ్రత్త.

పడమటి తీరం టీమ్‌కి 9:30 అంటే పొద్దున 6:30. ఆలస్యంగా దిగితే శరీరం ఇంకా సొంతూరి టైమ్‌లోనే ఉంటుంది. అంటే తెల్లారగట్ల లేచి ప్రత్యర్థుల్ని ఒంటితో అడ్డుకున్నట్టే (బ్లాకింగ్). ముందే దిగితే సర్దుకోవచ్చు. అయితే తూర్పుకి వెళ్లినప్పుడు శరీరం సుమారుగా రోజుకి ఒక గంట చొప్పునే సర్దుకుంటుంది. మంగళవారం దిగినా ఎనిమిది గంటల తేడా ఆదివారానికి పూర్తిగా పోదు. 2025లో రామ్స్ దీనికి మధ్యేమార్గం పట్టారు. తూర్పు తీరం టైమ్‌లో ఉన్న బాల్టిమోర్‌లో ఆట అయ్యాక లాస్ ఏంజెలెస్ వెనక్కి వెళ్లకుండా వారమంతా అక్కడే ఉండి, బేస్‌బాల్ స్టేడియం క్యామ్డెన్ యార్డ్స్‌లో ప్రాక్టీస్ చేసి, వారం చివర్లో లండన్ వెళ్లారు. మూడు టైమ్ జోన్‌ల తేడా ముందే తగ్గిపోయింది. జాగ్వార్స్‌ని 35–7తో ఓడించారు. 2023లో బిల్స్ శుక్రవారం దిగి, అప్పటికే వారం రోజులుగా లండన్‌లో ఉన్న జాగ్వార్స్ చేతిలో 25–20తో ఓడారు. ఈ రెండిట్లో ఏ ఒక్కటి చూపించి సిద్ధాంతం చెయ్యకండి. ఒక్క మ్యాచ్‌లో ఒక గాయం, ఒక ఫంబుల్ (బంతి చేజారడం) చాలు, జెట్‌ల్యాగ్ లెక్క మొత్తం మునిగిపోవడానికి.

బై వీక్ సంగతి మాత్రం సూటిగా పోల్చవచ్చు. 2016లో కోల్ట్స్ లండన్ నుంచి వచ్చి బై లేకుండా తర్వాతి వారమే ఆడిన తొలి టీమ్. అప్పటి నుంచి అది అలవాటైంది. 2025లో వైకింగ్స్ లండన్ తర్వాత బై తీసుకున్నారు, బ్రౌన్స్ నేరుగా పిట్స్‌బర్గ్ వెళ్లి ఓడారు. బెర్లిన్ తర్వాత కోల్ట్స్‌కి బై ఉంది, ఫాల్కన్స్‌కి లేదు. ఒకే మ్యాచ్ ఆడిన ఇద్దరిలో ఒకరికే విశ్రాంతి దొరికితే, అడగాల్సిన ప్రశ్న అదే.

మైదానం

రెండు చివర్లా స్కోరు చేసే ఎండ్ జోన్‌లతో కలిపి అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం పొడవు 120 గజాలు, అంటే దాదాపు 109.7 మీటర్లు. వెడల్పు 48.8 మీటర్లు. సాకర్ పెద్ద మైదానాలు సాధారణంగా 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. వెడల్పుకి ఢోకా లేదు. పొడవులో మాత్రం నాలుగున్నర మీటర్లకు పైగా తక్కువ పడుతుంది. అది గోల్ వెనక ఉన్న ఖాళీలోంచి రావాలి. కాబట్టి ఎండ్ జోన్ వెనక గీతకి, గోడకి మధ్య ఎంత జాగా మిగిలిందో చూడండి. కార్నర్‌కి పరిగెత్తి బంతి పట్టిన రిసీవర్ ఆగాల్సింది అక్కడే.

గడ్డి ఇంకో తలనొప్పి. వారమంతా సాకర్‌కి, కచేరీలకు వాడిన పచ్చిక మీద ముందు వరసలో ఆడే 140 కిలోల లైన్‌మెన్ కాళ్లు తన్నిపెట్టి తోసుకుంటే వేళ్లు లేచిపోతాయి. 2007లో వెంబ్లీలో జెయింట్స్ 13–10తో డాల్ఫిన్స్‌ని ఓడించిన, లండన్‌లో మొదటి రెగ్యులర్ సీజన్ మ్యాచ్ వానలో బురద అయిపోయింది. 2018లో మెక్సికో సిటీలోని అజ్టెకా మైదానం వానకీ వరస కార్యక్రమాలకీ పాడైపోతే, రామ్స్–చీఫ్స్ మ్యాచ్‌ని వారం లోపే లాస్ ఏంజెలెస్‌కి మార్చారు. మెక్సికో సిటీకి టికెట్లు కొన్నవాళ్లు 54–51 స్కోరుని టీవీలో చూసుకున్నారు. 2024లో సావో పాలోలో ఈగిల్స్, ప్యాకర్స్ ఆటగాళ్లు జారుతూనే ఉన్నారు. టాటన్‌హామ్‌లో ఈ బాధ తక్కువ. అక్కడ సాకర్ గడ్డి మూడు ముక్కలుగా పక్కకి జరిగి స్టాండ్ కిందికి వెళ్తుంది, దాని అడుగున ఎన్‌ఎఫ్‌ఎల్ కోసమే వేసిన కృత్రిమ టర్ఫ్ ఉంటుంది. కాబట్టి "విదేశీ మైదానాలు ప్రమాదం" అని గంపగుత్తగా అనకుండా ఏ స్టేడియమో పేరు పెట్టి మాట్లాడండి.

శుక్రవారం ఎందుకు?

2024, 2025 సావో పాలో మ్యాచ్‌లు శుక్రవారం జరిగాయి. టీవీ హక్కులు కలిపి అమ్ముకోవడానికి లీగ్‌కి వీలిచ్చిన 1961 నాటి చట్టంలో ఒక కట్టుబాటు ఉంది. సెప్టెంబర్ రెండో శుక్రవారం నుంచి డిసెంబర్ రెండో శనివారం దాకా శుక్రవారం సాయంత్రాలు, శనివారాలు హైస్కూల్, కాలేజ్ ఆటలవి. ఆ రెండేళ్లూ సీజన్ మొదటి వారం శుక్రవారం సెప్టెంబర్‌లో మొదటి శుక్రవారమైంది కాబట్టి సందు దొరికింది. సీజన్ మొదలయ్యే వారంలో వచ్చే లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) ఆలస్యంగా వచ్చిన ఏడాది ఆ సందు ఉండదు.

చెల్లని వాదనలు

ఎన్‌ఎఫ్‌ఎల్ యూరప్ 2007లో మూతపడింది కదా, ఇదీ అంతే అంటారు. అది వేరే టీమ్‌లతో, ఎక్కువగా అసలు లీగ్‌లో చోటు దొరకని ఆటగాళ్లతో నడిచిన లీగ్. సొంత మైదానం పోతే ఏమవుతుందో చూడటానికి, బఫెలో టీమ్ బిల్స్ పక్కనే కెనడాలోని టొరంటోలో ఆడిన మ్యాచ్‌లు ఇంకా మంచి ఉదాహరణ. 2008 నుంచి 2013 దాకా ఏటా ఒక హోమ్ మ్యాచ్ అక్కడ ఆడి ఆరింట్లో ఒక్కటే గెలిచారు. టైమ్ జోన్ మారలేదు, సముద్రం దాటలేదు, పోయింది సొంత జనం ఒక్కటే. ఆ ఏళ్లలో బిల్స్ ఎక్కడ ఆడినా అంతంతమాత్రమే అని కూడా పక్కన రాసుకోండి.

2023 డిసెంబర్‌లో టీమ్‌ల ఓనర్లు ఏడాదికి 8 మ్యాచ్‌ల దాకా బయట ఆడించడానికి ఒప్పుకున్నారు. లీగ్ అధిపతి, కమిషనర్ గుడెల్ 16 దాకా వెళ్లాలంటున్నారు. పదహారైతే 32 టీమ్‌లకూ తలా ఒక తటస్థ మ్యాచ్ వస్తుంది. ప్రతి మ్యాచ్‌నీ వేర్వేరు కాన్ఫరెన్స్‌ల టీమ్‌ల మధ్యే పెట్టి, తొమ్మిది హోమ్ మ్యాచ్‌లు ఉన్నదాన్నే హోమ్ టీమ్ చేస్తే అందరి మూడు గడులూ 8–8–1 అయిపోతాయి, చీఫ్స్–ఛార్జర్స్ లాంటి 9–7–1 తేడా మాయమవుతుంది. అప్పుడు పోటీలో అన్యాయం అనే మాట ఎత్తలేరు. మిగిలేది తొమ్మిది మ్యాచ్‌ల బిల్లు, బై వీక్ ఎవరికి దక్కిందన్న గొడవ.