పచ్చి కర్రతో ఇంటి లోపలి పని – 4: పలక ఎందుకు చీలింది?

పోయిన పాఠం తర్వాత చాలామందిది ఒకటే టెన్షన్. అలమార తలుపు చట్రం బాగానే ఉంది, మధ్యలో పలక మాత్రం నిలువునా చీలింది. పంపిన ఫొటోలన్నీ చూశాను. ఇంచుమించు ప్రతి దాంట్లోనూ పలక అంచు దూరే చట్రం గాడి అంచున తెల్లగా ఎండిన ఫెవికాల్ కనిపిస్తోంది. గాడిలో జిగురు పెట్టమని ఎవరు చెప్పారు? కిటికీ చుట్టూ కొట్టే పట్టీల సంగతి చివర్లో చూద్దాం, ముందు ఈ పలక గొడవ తేలాలి.

చెమ్మ 30 శాతం దగ్గరికి దిగేదాకా కర్ర బరువు తగ్గుతుంది కానీ సైజు మారదు. అక్కడే మోసపోతారు. అది దాటాక ముడుచుకోవడం మొదలవుతుంది, ఇంటి లోపల 12 శాతం అటూ ఇటూ వచ్చి ఆగుతుంది. పొడవులో తగ్గేది లెక్కలోకి రాదు, అంతా వెడల్పులోనే. పలక చివర కోతలో కనిపించే చెట్టు వయసు వలయాలు చూడండి. పలక ముఖానికి నిలువుగా ఉంటే తక్కువ తగ్గుతుంది, పడుకుని ఉంటే దాదాపు దానికి రెట్టింపు. టేకు తక్కువ ముడుచుకునే రకమే. అయినా వలయాలు పడుకున్న 300 మి.మీ. పచ్చి పలక 8 నుంచి 10 మి.మీ. తగ్గగలదు.

ఆ పది మి.మీ. ఎక్కడికో పోవాలి కదా. రెండు పక్కలా జిగురు పట్టి ఉంచితే పలక ఎటూ జరగలేక మధ్యలో చీలుతుంది. జిగురు పెట్టని కొందరికీ చీలింది. వాళ్ల పని ఇంకో రకం: పలకను పట్టి ఉంచే బీడింగ్ (సన్న కర్ర పట్టీ) మేకును పలకలోకి దించారు. బీడింగ్ మేకు చట్రంలోకే దిగాలి. ఇంకొకరు రెండూ సరిగ్గా చేసి, బిగించిన తర్వాత పాలిష్ కొట్టారు. అది గాడిలోకి కారి జిగురులాగే పట్టేసింది. పలక ముడుచుకున్నాక అంచున పాలిష్ లేని తెల్ల గీత బయటపడే తలనొప్పి కూడా ఉంది. అందుకే పలకకు పాలిష్ ముందే, నాలుగు అంచులతో సహా. గాడి లోపల కాస్త మైనం రుద్దడం నా అలవాటు.

గాడి 15 మి.మీ. లోతు తీయండి. పచ్చి పలక ఇక తగ్గేదే కాబట్టి రెండు పక్కలా 13 మి.మీ. లోపలికి దూర్చండి. పైనా కిందా సరిగ్గా మధ్యలో మాత్రం చట్రం నుంచి పలకలోకి ఒక్కో సన్న మేకు చాలు. అది లేకపోతే తగ్గుదలంతా ఒక పక్కకే చేరి అక్కడ పలక గాడి అంచుదాకా వచ్చేస్తుంది.

చట్రం అతుకులో ఒక కర్ర చివర నాలుకలా చెక్కి ఇంకో కర్రలోకి దూర్చేది కుసి. కుసికి కొట్టే సీల (కర్ర మేకు) మాత్రం బాగా ఎండిన కర్రదే కావాలి. పచ్చి కర్ర ఎండుతూ దాన్ని బిగించి పట్టుకుంటుంది. పచ్చి సీల తనే సన్నబడి వదులవుతుంది.

ఇక కిటికీ పట్టీలు. మూలల్లో 45 డిగ్రీల కోత వద్దు. వెడల్పు తగ్గగానే లోపలి మూల దగ్గర నోరు తెరుస్తుంది, బయటి మూల మాత్రం అంటుకునే ఉంటుంది. పై పట్టీని నిలువు పట్టీల మీద కూర్చోబెట్టి, దాని కింది అంచు దగ్గర మేకు కొట్టండి. తగ్గినా పై అంచే కిందికి దిగుతుంది, అతుకు విడదు.

అభ్యాసం: మీరు వాడబోయే పలక మధ్యలోంచి, చివర కాకుండా, మొత్తం వెడల్పుకు అడ్డంగా 25 మి.మీ. ముక్క కోయండి. పెన్సిల్‌తో 200 మి.మీ. దూరంలో రెండు గీతలు గీసి తూచండి. నీడలో గాలి తగిలేచోట వేలాడదీసి, రోజూ ఒకే వేళకు బరువు, గీతల మధ్య దూరం రాసుకోండి. వరసగా నాలుగు రోజులు బరువు కదలకపోతే ఆపండి. గీతల దూరం 200 నుంచి 194కు వస్తే తగ్గుదల 3 శాతం. మీ పలక వెడల్పుకు ఆ లెక్క కట్టి గాడి లోతు మీరే నిర్ణయించండి. ఈ పట్టిక చేతిలో లేకుండా వచ్చే పాఠంలోని సొరుగుల జోలికి రావద్దు.